పిల్లలతో కలిసి చూసే డిస్టోపియన్ సినిమాలు: ఏది ముందు, ఏది తర్వాత, ఏది వద్దు

మా అమ్మాయి ఎనిమిదో తరగతి అయిపోయిన సెలవుల్లో ఒక రోజు ఫోన్ తెచ్చి నా ముందు పెట్టింది. క్లాసులో అందరూ 'ది హంగర్ గేమ్స్' చూసేశారట, తనొక్కతే మిగిలిందట. కథేంటని అడిగాను. "ఇరవై నాలుగు మంది పిల్లల్ని అడవిలాంటి చోట వదిలేస్తారమ్మా. ఒక్కరు మిగిలేదాకా ఒకర్నొకరు చంపుకోవాలి. అదంతా టీవీలో లైవ్ వస్తుంది" అంది మామూలుగా. నాకు గుండె ఝల్లుమంది. వద్దన్నాను. ఆ రాత్రి తను పడుకున్నాక నేనొక్కదాన్నే కూర్చుని చూశాను. పొద్దున్నే లేపి, ఈ సినిమా మనిద్దరం కలిసి చూద్దాం అని చెప్పాను.

అప్పటినుంచి ఈ నాలుగేళ్లలో ఆ తరహా సినిమాలు చాలా చూశాం. నేను, మా అమ్మాయి, తనకంటే మూడేళ్లు చిన్నవాడైన మా అక్క కొడుకు. కొన్ని చూసి ఉండకూడదు అనిపించింది. కొన్ని ఇంకో రెండేళ్లు ఆగి చూపించాల్సింది అనిపించింది. ఇప్పుడు మొదలుపెట్టే ఇళ్లవాళ్లకు ఆ అనుభవం పనికొస్తుందని రాస్తున్నాను.

డిస్టోపియా అంటే భయంకరమైన భవిష్యత్తు అని మాత్రమే కాదు. పైకి అంతా పద్ధతిగా ఉంటుంది, లోపల ఆ పద్ధతే మనుషుల్ని నలిపేస్తుంటుంది. మనకు ఇది మరీ కొత్త కాదు. 1991లో 'ఆదిత్య 369' మనల్ని 2504వ సంవత్సరానికి తీసుకెళ్లి యుద్ధం తర్వాత మిగిలిన లోకాన్ని చూపించింది. 2024లో 'కల్కి 2898 ఏడీ'లో కింద కాశీ నీళ్లు లేక ఎండిపోతుంటే పైన కాంప్లెక్స్‌లో పచ్చదనం ఉంటుంది. కానీ ఆ రెండింట్లో కథ నడిపేది పెద్దవాళ్లు. నేను చెప్పబోయే సినిమాల్లో కథ పిల్లలది. వాళ్లను బంధించిన రూల్ పెట్టింది మాత్రం పెద్దవాళ్లు. అందుకే టీనేజి పిల్లలకు ఇవి అంత గట్టిగా తగులుతాయి.

ఎంచుకునేటప్పుడు నేను చూసేది ముఖ్యంగా రెండు విషయాలు. ఆ లోకంలో రూల్ ఏమిటి, ఆ రూల్‌ని సినిమా చివరిదాకా నిజాయితీగా పట్టుకుందా లేదా. పోరాటాలు, గ్రాఫిక్స్ ఎవరైనా తీస్తారు. రూల్ బలంగా ఉంటేనే సినిమా అయిపోయాక పిల్లలు ప్రశ్నలు అడుగుతారు.

పదేళ్లు, పదకొండేళ్ల పిల్లలుంటే

ఎనిమిదేళ్ల నుంచి పదేళ్ల మధ్య పిల్లలకు 'వాల్-ఈ' చాలు. 2008లో వచ్చిన యానిమేషన్ సినిమా, గంటా నలభై నిమిషాలు కూడా ఉండదు. మొదటి భాగంలో దాదాపు మాటలే లేవు కాబట్టి ఇంగ్లిష్ రాని నానమ్మ కూడా పక్కన కూర్చుని చూడొచ్చు. చెత్తతో నిండిన భూమి, ఓడలో కుర్చీలకు అతుక్కుపోయి కళ్ల ముందు స్క్రీన్ తప్ప ఇంకేమీ చూడని మనుషులు. ఇంతకంటే సులభంగా డిస్టోపియా అంటే ఏమిటో చెప్పలేం.

దాని తర్వాతి మెట్టు 'సిటీ ఆఫ్ ఎంబర్'. అదీ 2008లోదే. థియేటర్లలో ఆడలేదు, అందుకే చాలామందికి తెలియదు. నాకు మాత్రం చాలా ఇష్టం. భూమి అడుగున ఒక ఊరు. రెండు వందల ఏళ్లుగా ఒకే జనరేటర్ మీద బతుకుతోంది. అది పాతబడిపోయింది, కరెంటు పోవడం మొదలైంది, అల్మారాల్లో డబ్బా తిండి అయిపోతోంది. ఊళ్లో పిల్లలకు ఉద్యోగాలు ఎలా ఇస్తారంటే, సంచిలో చెయ్యి పెట్టి చీటీ తీయాలి. ఏ పని వస్తే జీవితాంతం అదే. లీనా, డూన్ అనే ఇద్దరు తమ చీటీలు మార్చుకోవడంతో కథ మొదలవుతుంది. కరెంటు పోయినప్పుడల్లా ఊరంతా ఎక్కడివాళ్లు అక్కడే నిలబడిపోయే సన్నివేశాలు చూస్తుంటే, పరీక్షల రోజుల్లో లాంతరు దగ్గర చదువుకున్న నాకు కడుపులో చెయ్యి పెట్టి దేవినట్లయింది. మా అక్క కొడుక్కి మాత్రం అది సాహసయాత్ర. ఒక పెద్ద జంతువు వెంటాడే చోట కాస్త భయపడ్డాడు, అంతే. రక్తపాతం లేదు. పదేళ్లు దాటిన పిల్లలెవరికైనా నేను ధైర్యంగా చెప్పే సినిమా ఇది.

నెమ్మదైన సినిమా, కానీ జాగ్రత్త

'ది గివర్' గురించి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే దీని విషయంలో నేనే పొరపాటు పడ్డాను.

1993లో లోయిస్ లౌరీ రాసిన నవల ఆధారంగా 2014లో ఫిలిప్ నోయిస్ తీశారు. అమెరికాలో పిల్లల సాహిత్యానికి ఇచ్చే న్యూబెరీ మెడల్ ఆ నవలకు వచ్చింది. నటుడు జెఫ్ బ్రిడ్జెస్ దీన్ని సినిమాగా తీయాలని ఇరవై ఏళ్ల దాకా తిరిగారు. ముందు తన తండ్రి లాయిడ్ బ్రిడ్జెస్‌తో కథలో జ్ఞాపకాలు దాచుకునే పెద్దాయన పాత్ర వేయించాలనుకున్నారు. చివరికి ఆ పాత్ర తనే వేశారు. నిడివి 97 నిమిషాలే.

ఆ లోకంలో రూల్ ఇది: అందరూ ఒకేలా ఉండాలి. బాధ ఉండకూడదు, అందుకని జ్ఞాపకాలూ ఉండకూడదు. రంగులు లేవు, పాటలు లేవు, ప్రేమ అనే మాట లేదు. పాత లోకపు జ్ఞాపకాలన్నీ ఒకే ఒక్క మనిషి దగ్గర దాచిపెడతారు. ఆ భారం మోయడానికి జోనస్ అనే కుర్రాణ్ణి ఎంపిక చేస్తారు. సినిమా నలుపు తెలుపుల్లో మొదలవుతుంది. జ్ఞాపకాలు అందుతున్నకొద్దీ అతని కళ్లకు రంగులు తెలుస్తాయి. ముందు ఎరుపు, తర్వాత నెమ్మదిగా మిగిలినవి. అతనితో పాటే మనకూ. పుస్తకం చేయలేని పనిని సినిమా చేసి చూపించిన చోటు అదే.

గొడవలు లేవు, కత్తులు లేవు, పదకొండేళ్ల పిల్లాడికి ఇబ్బందేముంటుంది అనుకుని మా అక్క కొడుకుని కూడా కూర్చోబెట్టాను. మధ్యలో ఒక సన్నివేశం వస్తుంది. కవల పిల్లల్లో బరువు తక్కువ ఉన్న పసికందును ఏం చేస్తారో చూపిస్తారు. ఒక తండ్రి, నవ్వు ముఖంతో, సూదితో. రక్తం చుక్క కనిపించదు. మా వాడు లేచి వెళ్లిపోయాడు. రాత్రి పడుకునేముందు వచ్చి, "పిన్నీ, ఆ డాక్టర్‌కి తను చేస్తున్నది తప్పని తెలియదా?" అని అడిగాడు. అది చాలా గొప్ప ప్రశ్న. కానీ పదకొండేళ్లకు ఆ బరువు ఎక్కువ. హంగర్ గేమ్స్‌లో ఎంత హింస ఉన్నా ఈ ఒక్క నిమిషమే మా ఇంట్లో ఎక్కువ రోజులు ఉండిపోయింది. పదమూడు దాటాక చూపించండి, పక్కన కూర్చుని చూపించండి.

ఇంకో సంగతి. నవలలో జోనస్ వయసు పన్నెండు. సినిమాలో పదహారు చేశారు, చివర్లో డ్రోన్లతో వెంటాడే హడావుడి పెట్టారు. అప్పటికి ఆడుతున్న మిగతా టీనేజి సినిమాల్లా కనిపించాలని చేసినట్టుంది. ఆ చివరి అరగంట బలహీనంగా ఉంటుంది. మొదటి గంట మాత్రం మిగిలిన సినిమాల్లో దేనికీ తీసిపోదు.

అసలు పోలిక: హంగర్ గేమ్స్, డైవర్జెంట్, మేజ్ రన్నర్

పదమూడు దాటిన పిల్లలు అడిగేవి ఎక్కువగా ఈ మూడే. అమెరికాలో వీటికి పీజీ-13 ఇచ్చారు, అంటే పదమూడేళ్లలోపు పిల్లల తల్లిదండ్రులు బాగా ఆలోచించుకోవాలని అర్థం. మన దగ్గర ఓటీటీల్లో యూ/ఏ 13+, 16+ అని కనిపిస్తుంది. ఆ అంకె చూడటం మంచిదే కానీ అది సరిపోదు. ఎందుకు సరిపోదో 'గివర్' దగ్గర చెప్పాను.

నా మొదటి ఓటు హంగర్ గేమ్స్‌కే. సుజాన్ కాలిన్స్ 2008లో రాసిన నవల, 2012లో సినిమాగా వచ్చింది. పనెం అనే దేశం. నడుమ కాపిటల్ అనే ధనిక నగరం, చుట్టూ దానికి తిండీ బొగ్గూ సరుకులూ పంపే పన్నెండు జిల్లాలు. ఒకప్పుడు ఆ జిల్లాలు తిరగబడ్డాయి కాబట్టి శిక్షగా ఏటా ఒక్కో జిల్లా నుంచి పన్నెండు, పద్దెనిమిదేళ్ల మధ్య వయసున్న ఒక అబ్బాయిని, ఒక అమ్మాయిని ఆటకు పంపాలి. ఆకలికి తట్టుకోలేక అదనపు ధాన్యం తీసుకున్న పిల్లల పేర్లు డ్రాలో ఎక్కువసార్లు వేస్తారు. పేదవాళ్ల పిల్లలకే చీటీ పడే అవకాశం ఎక్కువ. రూల్ అంటే ఇలా ఉండాలి. అన్యాయం ఎక్కడుందో ఎవరూ ఉపన్యాసం ఇవ్వక్కర్లేదు, లెక్కలోనే ఉంది.

బొగ్గు గనుల జిల్లా నుంచి కాట్నిస్ తన చెల్లెలి బదులు తానే వెళ్తుంది. సినిమా బలమంతా కాట్నిస్‌గా వేసిన జెన్నిఫర్ లారెన్స్ ముఖంలో ఉంది. కాట్నిస్ చంపడానికి ఉత్సాహపడదు, గెలిచానని గంతులేయదు. తిండి సంపాదించడం తెలిసిన పిల్ల, భయపడుతూనే నిలబడుతుంది. హింస ఎంత అని అడిగేవాళ్లకు: కెమెరాను చేత్తో పట్టుకుని ఊగిస్తూ తీశారు, కాబట్టి దెబ్బ తగలడం కంటే ఆ గందరగోళమే ఎక్కువ తెలుస్తుంది. అయినా బ్రిటన్‌లో చిన్నపిల్లల సర్టిఫికెట్ కోసం ఏడు సెకన్లు కత్తిరించాల్సి వచ్చింది. కెమెరా ఊగుడు వల్ల కొందరికి తలతిరుగుతుంది, టీవీకి కాస్త దూరంగా కూర్చోండి. పన్నెండేళ్ల రూ అనే పాప చనిపోయే ఘట్టం ముందే చెప్పి ఉంచండి. కాట్నిస్ ఆ పాప చుట్టూ పూలు పేర్చి, కెమెరా వైపు తిరిగి మూడు వేళ్లు ఎత్తుతుంది. అక్కడ మా అమ్మాయి నా చెయ్యి పట్టుకుంది, సినిమా అయ్యేదాకా వదల్లేదు.

ఆ మూడు వేళ్ల సంజ్ఞ సినిమాలో ఆగిపోలేదు. 2014లో థాయ్‌లాండ్‌లో సైన్యం అధికారం లాక్కున్నప్పుడు నిరసన తెలిపే విద్యార్థులు అదే చేశారు, అరెస్టులూ అయ్యారు. 2021లో మయన్మార్‌లోనూ అదే సంజ్ఞ కనిపించింది. ఒక టీనేజి సినిమా గురించి "ఉత్త టైంపాస్" అనే పెద్దవాళ్లకు నేను ఇదే చెప్తాను.

రెండో భాగం 'క్యాచింగ్ ఫైర్' 2013లో వచ్చింది, దర్శకుడు మారారు, ఫ్రాన్సిస్ లారెన్స్ వచ్చారు. ఊగుడు పోయింది, లోకం విశాలమైంది. ఈ తరహాలో వచ్చిన సినిమాలన్నిట్లో నా లెక్కన ఇదే ఉత్తమం. బతికి బయటపడ్డ పిల్లకు రాత్రిళ్లు ఏమవుతుందో, గెలుపును టీవీ వాళ్లు ఎలా అమ్ముకుంటారో ఇందులో ఉంది. ఫోన్ ముందు నవ్వడం అలవాటైన పిల్లలకు కాట్నిస్ కెమెరా ముందు నటించాల్సి రావడం వెంటనే అర్థమవుతుంది.

ఇక 'డైవర్జెంట్'. 2011లో వెరోనికా రాత్ నవల, 2014లో సినిమా. శిథిలమైన షికాగోలో జనాన్ని ఐదు వర్గాలుగా విడగొట్టారు: నిస్వార్థం, స్నేహం, నిజాయితీ, ధైర్యం, విజ్ఞానం. పదహారేళ్లు రాగానే ఒక పరీక్ష, ఆ తర్వాత అందరి ముందు ఒక వర్గాన్ని ఎంచుకోవాలి. ఒకసారి ఎంచుకుంటే వెనక్కి రావడం లేదు, కన్నవాళ్లకంటే వర్గమే ముందు. పదో తరగతి అయిపోగానే ఎంపీసీయా బైపీసీయా అని ఇంటిల్లిపాదీ కూర్చుని తేల్చే మన ఇళ్లలో ఈ రూల్ ఎవరికీ వివరించక్కర్లేదు. మా అమ్మాయి దీన్ని పదో తరగతి పరీక్షలయ్యాక చూసింది. కథానాయిక ట్రిస్ వర్గాన్ని ఎంచుకునే గిన్నెల ముందు నిలబడి ఎటు వెళ్లాలో తేల్చుకోలేక చెయ్యి వణికించే చోట, "అమ్మా, నాకూ ఇదే టెన్షన్" అంది. ఆ రాత్రి మేం గ్రూపు గురించి నిజంగా మాట్లాడుకున్నాం. తను అంతకుముందు మాట్లాడనివి చెప్పింది. ఆ ఒక్క సాయంత్రం కోసం ఈ సినిమాకి నేను రుణపడి ఉన్నాను.

కానీ సినిమాగా హంగర్ గేమ్స్ పక్కన నిలబడదు. మనుషుల్ని ఐదు గుణాలుగా విడగొట్టడం వినడానికి బాగుంటుంది, ఆ ఊరు రోజూ ఎలా నడుస్తుందని ఆలోచిస్తే మాత్రం నిలవదు. సగం సినిమా శిక్షణే. ఆ సగమే బాగుంటుంది. అక్కడ గోడ మీద ర్యాంకుల బోర్డు ఉంటుంది, గీత కింద పేరున్నవాళ్లను బయటికి పంపేస్తారు. ఇక్కడ తల్లిదండ్రులకు ఒక హెచ్చరిక: ఆ శిక్షణలో వెనకబడి, తప్పు చేసి, స్నేహితురాలి క్షమాపణ దొరకని ఒక కుర్రాడు ప్రాణం తీసుకుంటాడు. సినిమా దాని దగ్గర ఎక్కువసేపు ఆగకుండా ముందుకు వెళ్లిపోతుంది. మీరు అలా వెళ్లిపోవద్దు. ర్యాంకుల వల్ల పిల్లలు నలిగిపోయే చోట బతుకుతున్నాం, అక్కడ సినిమా ఆపి మాట్లాడండి. పిల్లలు అప్పటికే దిగులుగా ఉంటే ఈ సినిమాని వాయిదా వేయండి.

ఇంకా పెద్ద లోపం, ఈ కథకు సినిమాల్లో ముగింపు లేదు. 2015లో 'ఇన్సర్జెంట్', 2016లో 'అలీజియంట్' వచ్చాయి. చివరి నవలను రెండు సినిమాలుగా చేయాలని మొదలుపెట్టారు. మూడోది ఆడకపోవడంతో నాలుగోదాన్ని టీవీకి తీద్దామనుకున్నారు, చివరికి అదీ మానేశారు. కాబట్టి మొదటి సినిమా ఒక్కటే చూసి ఆపేయండి. ముగింపు కావాలనే పిల్లలకు మూడో నవల ఇవ్వండి.

'ది మేజ్ రన్నర్' సంగతి వేరు. ఇది ఆలోచన కోసం కాదు, పరుగు కోసం. 2014లో వెస్ బాల్ అనే కొత్త దర్శకుడు సుమారు 3.4 కోట్ల డాలర్లతో తీశారు, హాలీవుడ్ లెక్కలో చిన్న మొత్తం. ప్రపంచమంతా కలిపి దానికి దాదాపు పది రెట్లు వచ్చింది. చూస్తే ఎందుకో తెలుస్తుంది. ఒక కుర్రాడు లిఫ్టులో కళ్లు తెరుస్తాడు, తన పేరు కూడా గుర్తులేదు. చుట్టూ అబ్బాయిలే ఉన్న ఒక పచ్చిక మైదానం, దాని చుట్టూ ఆకాశమంత గోడలు, గోడల అవతల రోజూ దారులు మారే చిక్కుదారి. సాయంత్రం తలుపులు మూసుకుంటాయి. రాత్రి బయట చిక్కుకున్నవాళ్లు తిరిగి రాలేదు. పావుగంటలో మనమూ ఆ గోడల మధ్య ఉంటాం. పుస్తకం ముట్టుకోని, కథ నెమ్మదిస్తే ఫోన్ తీసే పిల్లలకు ఇదే సరైన ద్వారం. మా అక్క కొడుకు పదమూడేళ్లప్పుడు రెండు రోజుల్లో రెండుసార్లు చూశాడు.

రూల్ ఎందుకు పెట్టారన్న ప్రశ్నకు జవాబు మాత్రం నాకు నచ్చలేదు. మిస్టరీ ఉన్నంతసేపు ఉన్న పట్టు, విప్పిచెప్పగానే సడలిపోతుంది. చివర్లో అందరికంటే చిన్నవాడైన చక్‌కు జరిగేది ఏడిపిస్తుంది, అదీ ముందే చెప్పి ఉంచండి. రెండో భాగం 'స్కార్చ్ ట్రయల్స్' వైరస్ సోకి మనుషులు పిచ్చెక్కి మీదపడే హారర్ సినిమాలా మారిపోతుంది, చీకటంటే భయపడే పిల్లలకు వద్దు. కథానాయకుడు డిలన్ ఒబ్రయెన్ 2016లో షూటింగులో తీవ్రంగా గాయపడటంతో మూడోది 2018కి గానీ రాలేదు. అయినా కథ పూర్తయింది. డైవర్జెంట్ మీద దీనికి ఉన్న పెద్ద ఆధిక్యం అదే.

ఈ మూడింటి మధ్య ఒక్కదాన్నే తేల్చుకోవాలంటే: అన్యాయం గురించి ప్రశ్నలడిగే పిల్లలకు హంగర్ గేమ్స్. నేనెవర్ని, నేనేం చదవాలి అని నలుగుతున్న పదహారేళ్లవాళ్లకు డైవర్జెంట్ మొదటి భాగం. వీటిలో ఏదీ పట్టని, ఊపిరి బిగపట్టి చూడటమే కావాలనేవాళ్లకు మేజ్ రన్నర్.

గేములు ఆడే పిల్లలకు ఒకటి, అసలు వద్దన్నవి రెండు

రోజంతా షూటింగ్ గేములు ఆడే పిల్లలు ఇంట్లో ఉంటే 'ఎండర్స్ గేమ్' పెట్టండి. 2013లో వచ్చింది. గ్రహాంతరవాసులతో యుద్ధం కోసం పిల్లల్ని అంతరిక్షంలో ఆటల ద్వారా తయారుచేస్తారు. మధ్యలో సాగదీసినట్టు ఉన్నా ఓపిక పట్టండి, చివరి ఇరవై నిమిషాల కోసమే ఈ సినిమా. అంతకంటే చెప్తే మీ పిల్లల ఆనందం చెడగొట్టినదాన్నవుతాను. 'ఫిఫ్త్ వేవ్', 'డార్కెస్ట్ మైండ్స్' లాంటివి చూడకపోయినా నష్టం లేదు. రెండూ కథ మధ్యలో వదిలేసి తర్వాతి భాగానికి ఆశపెట్టాయి, ఆ తర్వాతి భాగాలు రాలేదు.

హంగర్ గేమ్స్ చూసిన వెంటనే యాప్‌లు, రీల్స్ కలిసి పిల్లలకు 'బ్యాటిల్ రాయల్' చూపిస్తాయి. 2000లో కింజి ఫుకసాకు తీసిన జపాన్ సినిమా, ఒక క్లాసులోని నలభై రెండు మంది ఒకర్నొకరు చంపుకోవాలి. గొప్ప సినిమా. ఫుకసాకు పదిహేనేళ్ల వయసులో యుద్ధకాలపు ఆయుధాల ఫ్యాక్టరీలో పనిచేస్తూ, ఫిరంగి దాడిలో తన తోటిపిల్లలు చనిపోవడం చూసిన మనిషి. ఆ కోపం తెర నిండా ఉంటుంది. కానీ అందులో హింసకు తెర లేదు, జపాన్‌లోనే పదిహేనేళ్లలోపు వాళ్లను రానివ్వలేదు. 'స్క్విడ్ గేమ్' కూడా పెద్దవాళ్ల కోసం తీసిందే. కథ ఒకేలా ఉంది కదా అని పదమూడేళ్ల పిల్లలకు పెట్టొద్దు. పెద్దయ్యాక వాళ్లే చూసుకుంటారు.

ఏ వరసలో

హంగర్ గేమ్స్ మొదలుపెట్టిన ఇంట్లో ఒక తర్జనభర్జన వస్తుంది. 2023లో వచ్చిన 'ది బల్లాడ్ ఆఫ్ సాంగ్‌బర్డ్స్ అండ్ స్నేక్స్' కథ కాట్నిస్ కంటే అరవై నాలుగేళ్ల ముందు జరుగుతుంది కాబట్టి అదే ముందు చూడాలా అని. వద్దు. కాపిటల్‌ను పాలించే ప్రెసిడెంట్ స్నో పద్దెనిమిదేళ్లప్పుడు ఎలా ఉండేవాడో అందులో ఉంది. తెలివైనవాడు, ఇంట్లో తినడానికి లేనివాడు, ప్రేమించినవాడు. ముసలి స్నోని ముందే చూసి ఉంటేనే ఈ కుర్రాడి ప్రతి మంచి పనీ మనల్ని భయపెడుతుంది. పైగా 157 నిమిషాల నిడివి. పదిహేను దాటాక చూపిస్తే బాగా పడుతుంది.

మొదటి రెండు భాగాలూ వారం తేడాతో చూడండి, మధ్యలో మాట్లాడుకోవడానికి సమయం ఉంటుంది. చివరి నవలను రెండు ముక్కలు చేయడంతో 2014లో వచ్చిన 'మాకింగ్‌జే' మొదటి భాగం విడిగా చూస్తే నీరసంగా అనిపిస్తుంది, చాలామంది పిల్లలు అక్కడే ఆపేస్తారు. 2015లో వచ్చిన రెండో భాగం అత్యంత విషాదంగా ఉంటుంది, తిరుగుబాటు చేసేవాళ్ల చేతులూ శుభ్రంగా లేవని చూపిస్తుంది. అందుకని శనివారం రాత్రి ఒకటి, ఆదివారం పొద్దున ఒకటి పెట్టుకోండి. రెండూ కలిపి నాలుగు గంటల ఇరవై నిమిషాలు. ఆదివారం సాయంత్రం ట్యూషన్ లేకుండా చూసుకోండి, ఆ సినిమా అయ్యాక పిల్లలు వెంటనే పుస్తకాలు తీయలేరు.